పిడుగుకు పక్కదారి

*ఉరిమిన ప్రతిసారీ ఏదో ఒక ఇంట్లో టీవీయో, ఏసీ బోర్డో, వైఫై పెట్టెయో పోతోంది. సర్జ్ ప్రొటెక్టర్ పెట్టించమని ఎలక్ట్రీషియన్ చెబుతాడు. ఏది పెట్టించాలి? ఎక్కడ? అది ఒక్కటీ ఉంటే చాలా? తాడేపల్లి నుంచి మిర్చి, పత్తి పొలాల దాకా ఆదివారం ప్రత్యేక కథనం.*

రాత్రి ఈదురుగాలితో వాన దంచికొట్టిన మర్నాడు పొద్దున్నే తాడేపల్లిలో టీవీలు బాగుచేసే దుకాణం ముందు కాసేపు నిలబడండి. షట్టరు పూర్తిగా లేవకముందే జనం చేరతారు. ఒకాయన సంచిలో సెట్‌టాప్ బాక్సు, ఒకావిడ చేతిలో వైఫై రూటరు. ఇంకో కుర్రాడు స్కూటీ ముందు భాగంలో నలభై అంగుళాల టీవీని దుప్పట్లో చుట్టి నిలబెట్టుకొస్తాడు. అందరి నోటా ఒకటే కథ. “రాత్రిదాకా బానే ఉందన్నా. ఫెళ్లుమని ఉరిమింది, అంతే, ఆగిపోయింది.” ఆ వెంటనే ఇంకో మాట. “మా ఇంటిమీద పిడుగేం పళ్లేదే, ఎక్కడో కొండవతల పడింది!”

మెకానిక్ ఏమీ మాట్లాడడు. వెనక మూత మరలు విప్పి, కరెంటు లోపలికొచ్చే మూల చూస్తాడు. అక్కడ అర అంగుళం వెడల్పున నీలంరంగు బిళ్ల ఒకటి ఉంటుంది. ఇప్పుడది రెండు చెక్కలుగా పగిలి, అంచులు మాడి ఉంది. పక్కనున్న గాజు ఫ్యూజు లోపలంతా మసి. బిళ్లమీద అక్షరాలు సగమే మిగిలాయి: 14డీ471. అంటే 14 మిల్లీమీటర్ల వెడల్పు, 470 వోల్టుల దగ్గర తెరుచుకునే వేరిస్టరు. జింక్ ఆక్సైడు పొడిని నొక్కి, కాల్చి చేసిన బిళ్ల అది. 1960ల చివర్లో జపాన్‌లోని మత్సుషితా కంపెనీలో పుట్టింది. ఇవాళ కాస్త నాణ్యంగా తయారైన ఎలక్ట్రానిక్ సరుకు దేన్ని విప్పినా కనిపిస్తుంది. మెయిన్ బోర్డులో పెట్టించుకోమంటున్న సర్జ్ ప్రొటెక్టర్ లోపల ఉండేదీ ఇదే జాతి బిళ్ల, కాకపోతే బాగా పెద్దది.

పగిలిన ఆ బిళ్ల ఒక సాక్ష్యం కూడా. చాలామంది పిడుగు మీదకు తోసేసే నేరం ఒక్కోసారి అసలు పిడుగుదే కాదని అది చెబుతుంది. ఆ సంగతికి తర్వాత వద్దాం.

ఎక్కడో పడితే ఇక్కడికెలా?

తాడేపల్లికీ పిడుగుకీ ఒక ప్రత్యేక బంధం ఉంది. ‘ఫలానా మండలంలో పిడుగులు పడే అవకాశం ఉంది, చెట్ల కింద నిలబడవద్దు’ అంటూ ఫోన్లకు వచ్చే హెచ్చరికలు చూస్తుంటాం కదా, వాటిని పంపే రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ కార్యాలయం ఉన్నది తాడేపల్లి మండలం కుంచనపల్లిలోనే. 2018 ఏప్రిల్ 24న రాష్ట్రంలో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయని ఈ సంస్థ లెక్క చెప్పినప్పుడు ప్రపంచ పత్రికలు ఆ అంకెను ప్రచురించాయి. ఉత్తరం నుంచి వచ్చే వేడిగాలి, బంగాళాఖాతం నుంచి వచ్చే తేమగాలి మన మీద కలుసుకునే నెలలు ఏప్రిల్, మే. మధ్యాహ్నం మూడు దాటాక మబ్బు కమ్మితే భయపడాల్సింది ఆ రోజుల్లోనే.

పిడుగు మన ఇంటిమీదే పడాల్సిన పని లేదు. 11 కేవీ లైను మీదో, ఇళ్లకు కరెంటు ఇచ్చే ఎల్‌టీ తీగల మీదో పడితే ఆ తీగలే దాన్ని మోసుకొస్తాయి. నేల మీద పడినా సరే, చుట్టుపక్కల తీగల్లో కొన్ని వేల వోల్టులు పుట్టించి పోతుంది. ఒక మోస్తరు పిడుగులో ప్రవాహం 30 వేల ఆంపియర్ల దాకా ఉంటుంది. అది సాగేది సెకనులో అతి చిన్న భాగమే. కానీ ఇంట్లో పెట్టుకున్న మామూలు పరికరం ఓర్చుకోగలిగింది మహా అయితే 2,500 వోల్టులు, సున్నితమైన ఎలక్ట్రానిక్స్ అయితే 1,500. లైను మీద వచ్చేది అంతకు ఎన్నో రెట్లు.

పాతరోజుల్లో ఇంట్లో నాలుగు బల్బులు, రెండు ఫ్యాన్లు, ఒక మిక్సీ. వాటికి రాగి చుట్లే తప్ప మెదడు లేదు, కాబట్టి తట్టుకునేవి. ఇప్పుడు ఫ్యాన్‌లో బోర్డు, ఫ్రిజ్‌లో బోర్డు, ఆఖరికి గుమ్మం ముందు ఎల్‌ఈడీ బల్బులోనూ బోర్డే. పిడుగులు పెరగకపోయినా కాలిపోయేవి పెరిగాయి. తాడేపల్లి 2021లో మంగళగిరితో కలిసి నగరపాలక సంస్థ అయింది. జాతీయ రహదారి పక్కన లేచిన అపార్ట్‌మెంట్లలో ప్రతి అంతస్తుకూ సీసీ కెమెరాలు, లిఫ్టు, బోరు మోటారుకు ఆటోమేటిక్ ప్యానెల్, కింద కారు చార్జరు, పైన సోలార్ పలకలు. ఒక్క పిడుగు దెబ్బకు పోయే సొమ్ము ఒకప్పటి ఇల్లాలి పుస్తెలతాడంత.

> ■ పిడుగు లెక్కలు
>
> జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో పిడుగుపాటుకు 2,887 మంది చనిపోయారు. ఆ ఏడాది ప్రకృతి విపత్తుల్లో ఇంతమందిని బలిగొన్నది మరొకటి లేదు.
>
> పిడుగు దారిలో గాలి దాదాపు 30 వేల డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కుతుంది.
>
> మెరుపు కనిపించాక ఉరుము వినిపించేదాకా సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే, ఎన్ని కిలోమీటర్ల దూరంలో పడిందో సుమారుగా తెలుస్తుంది. 30 సెకన్లలోపే వినిపించిందంటే వెంటనే ఇంట్లోకి పోవాలి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాల దాకా బయటికి రావద్దు.
>
> పుణెలోని ఉష్ణమండల వాతావరణ అధ్యయన సంస్థ ‘దామిని’ యాప్ దగ్గర్లో పడుతున్న పిడుగుల్ని చూపిస్తుంది.
>
> విపత్తుల సంస్థ సహాయ నంబర్లు: 112, 1070, 1800 425 0101.

బ్యారేజీ గేట్లు చెప్పే పాఠం

సర్జ్ ప్రొటెక్టర్‌ను చాలామంది డాలు అనుకుంటారు. పిడుగొస్తే అడ్డం నిలబడి ఆపేస్తుందని నమ్మకం. అది ఆపదు, ఆపలేదు కూడా. తాడేపల్లి జనానికి ఈ విషయం చెప్పడానికి ప్రకాశం బ్యారేజీని మించిన ఉదాహరణ లేదు. బ్యారేజీ దగ్గర నీటిమట్టం 12 అడుగులు. అంతవరకూ గేట్లు దించే ఉంటాయి, నీళ్లు కాలవలకు పోతాయి. అది దాటి వరద వస్తే గేట్లు ఎత్తి సముద్రం వైపు వదిలేస్తారు. 2024 సెప్టెంబరు మొదట్లో 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు 70 గేట్లూ ఎత్తేశారు. అప్పుడు కిందికి పోయేందుకు నది ఉంది కాబట్టి బ్యారేజీ నిలబడింది.

వేరిస్టరు పనీ అదే. 230 వోల్టులు నడుస్తున్నంతసేపూ ఏమీ ఎరగనట్టు కూర్చుంటుంది. వోల్టేజీ ఒక హద్దు దాటగానే సెకనులో కోట్లవంతు వ్యవధిలో తలుపు తెరిచి, వచ్చిన వరదను ఎర్త్ తీగలోకి మళ్లిస్తుంది. వరద పోగానే తనే మూసుకుంటుంది. కింద నది లేకుండా గేట్లు ఎత్తితే ఏమవుతుందో, ఎర్త్ సరిగా లేని ఇంట్లో ఖరీదైన సర్జ్ ప్రొటెక్టర్ పెట్టినా అదే అవుతుంది. ఆ వరదలోనే కొట్టుకొచ్చిన పడవలు గుద్దుకుని బ్యారేజీ గేట్ల కౌంటర్ వెయిట్లు దెబ్బతిన్నాయి, తర్వాత మార్చారు. పెద్ద దెబ్బలు తిన్న వేరిస్టరూ అరిగిపోతుంది, మార్చాల్సిందే. మంచి పరికరాలకు చిన్న కిటికీ ఒకటి ఉంటుంది. పచ్చగా ఉంటే పనిచేస్తున్నట్టు, ఎర్రబడితే లోపలి గుళిక అయిపోయినట్టు. ఎర్రబడిన కిటికీతో ఏళ్ల తరబడి నడుస్తున్న బోర్డులు మన ఊళ్లో తక్కువేం కాదు. కరెంటు మామూలుగానే వస్తుంటుంది, కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

పిడుగా? న్యూట్రలా?

ఇప్పుడు ఆ నీలం బిళ్ల సాక్ష్యం దగ్గరికి వద్దాం. మన వీధి లైను మూడు ఫేజులు, ఒక న్యూట్రల్. గాలికి కొమ్మ విరిగి పడో, జంపరు ఊడో న్యూట్రల్ తెగిందనుకోండి. అప్పుడు వేర్వేరు ఫేజుల మీదున్న రెండిళ్లు ఒకదానికొకటి వరసగా కలిసిపోయి 400 వోల్టుల్ని పంచుకుంటాయి. ఏసీలు నడుస్తున్న ఇంటికి తక్కువ వోల్టేజీ. ఒక్క టీవీ, రెండు లైట్లు మాత్రమే వేసుకున్న ఇంటికి 350, 380 వోల్టులు. లైట్లు ఒక్కసారిగా ధగధగ వెలుగుతాయి, ఫ్యాన్ గిర్రున తిరుగుతుంది, తర్వాత పొగ. ఇలా వీధి వీధంతా సామాన్లు కాలిపోయిన వార్తలు జిల్లా పేజీల్లో ఏటా చదువుతూనే ఉంటాం.

ఆ రాత్రి గాలివాన కాబట్టి, ఉరిమింది కాబట్టి, పాపం పిడుగు ఖాతాలోకి పోతుంది. 470 వోల్టుల బిళ్ల మామూలుగా 300 వోల్టుల దాకా ఎంతసేపైనా ఓర్చుకుంటుంది. 380 వచ్చి నిమిషాల తరబడి నిలబడితే, సెకనుకు వందసార్లు తలుపు తీసి, మూసి, కాగి పగిలిపోతుంది. అందుకే బిళ్ల బాగా మాడి పగిలితే అనుభవమున్న మెకానిక్‌లు ముందు న్యూట్రల్‌నే అనుమానిస్తారు.

కొనేవాళ్లు మోసపోయేదీ ఇక్కడే. సర్జ్ ప్రొటెక్టర్ పిడుగు వరదకు మందు. అది మైక్రోసెకన్ల వ్యవహారం. న్యూట్రల్ తెగితే వచ్చే ఎక్కువ వోల్టేజీ నిమిషాల వ్యవహారం, దానికి ఈ మందు పనిచేయదు, పైగా తనే కాలిపోతుంది. దానికి వేరే పరికరం కావాలి: ఓవర్ వోల్టేజ్ కట్ఆఫ్ రిలే. 270 వోల్టులకు అటూ ఇటూగా సెట్ చేసుకుంటే, అది దాటగానే ఇంటికి కరెంటు తెంచేస్తుంది, సర్దుకున్నాక మళ్లీ ఇస్తుంది. ఈ రిలే పిడుగును పట్టుకునేంత చురుకైంది కాదు. కాబట్టి రెండూ కావాలి. మన జిల్లాల్లో ఇళ్లకు ఒక్కటే కొనగలిగే స్తోమతుంటే ముందు రిలే, తర్వాత సర్జ్ ప్రొటెక్టర్ కొనమంటాను. ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టువాళ్లకు ఈ మాట నచ్చకపోవచ్చు.

ఎంసీబీ ఉంది కదా అంటారు కొందరు. ఎంసీబీ చూసేది ఎక్కువ కరెంటును, ఆర్‌సీసీబీ చూసేది లీకేజీని. వోల్టేజీ ఎంత ఎగిసినా వాటికి పట్టదు. ఇన్వర్టరు, స్టెబిలైజరు కూడా పిడుగు ముందు మిగతా సామానుతో సమానమే. ఇక బజార్లో ‘స్పైక్ గార్డు’ పేరుతో దొరికే ఎక్స్‌టెన్షన్ బాక్సుల్లో అడుగు మూత తీసి చూస్తే చాలావాటిలో ఎర్ర లైటు తప్ప ఇంకేమీ కనిపించదు.

టైప్-1, టైప్-2, టైప్-3: మీకేది?

పెట్టెమీద నలుచదరపు గడిలో టీ1, టీ2, టీ3 అని ముద్రించి ఉంటుంది. ఐఈసీ 61643-11 ప్రమాణం ప్రకారం పరీక్షించారన్న గుర్తు అది. ఆ గుర్తు లేనిదాని గురించి చర్చే అనవసరం.

టైప్-1 అంటే పిడుగు నేరుగా పడినప్పటి ప్రవాహాన్ని మోయగలిగేది. కప్పుమీద పిడుగు కడ్డీ ఉన్న అపార్ట్‌మెంటుకు మెయిన్ ప్యానెల్లో ఇదే ఉండాలి. కారణం చిత్రంగా అనిపిస్తుంది: కడ్డీ ఉంటే భద్రత పెరిగిందిగా, ఇంకెందుకు? కడ్డీ పిడుగును పట్టి భూమిలోకి దించుతుంది. ఆ క్షణంలో బిల్డింగ్ ఎర్త్ మొత్తం ఒక్కసారిగా వేల వోల్టులకు ఎగుస్తుంది. ఆ పిడుగు ప్రవాహంలో సగం నేలలో కలిసినా, మిగతా సగం కరెంటు తీగల మీదుగా బయటి లైనులోకి దారి వెతుక్కుంటుంది. లక్ష ఆంపియర్ల పిడుగనుకుంటే అందులో సగం 50 వేలు. మూడు ఫేజులు, న్యూట్రల్, నాలుగు తీగలకు పంచితే తలా 12,500. టైప్-1 పెట్టెల మీద కనిపించే 12.5 కేఏ అంకె పుట్టిందిక్కడే.

పిడుగు కడ్డీ లేని మామూలు ఇంటికి, కింద నుంచి కేబులు వచ్చే ఫ్లాటుకు టైప్-2 చాలు. 20 కేఏ అని రాసి ఉన్నది తీసుకోండి. ‘గరిష్ఠం 40 కేఏ, 65 కేఏ’ అని పెద్దక్షరాల్లో వేసే అంకెలకు పడిపోవద్దు. అది ఒకే ఒక్కసారి తట్టుకునే హద్దు. పదే పదే తట్టుకునేదే అసలు సత్తువ, అది చిన్నక్షరాల్లో ఉంటుంది. టైప్-1 12.5 కేఏ కన్నా టైప్-2 40 కేఏ గొప్పదనుకోవడం ఇంకో పొరపాటు. రెండింటినీ పరీక్షించే అలలే వేరు. టైప్-1 అల నిలిచే సమయం ఎక్కువ కాబట్టి, అంతే ఎత్తున్న టైప్-2 అల కన్నా ఇరవై రెట్లకు పైగా విద్యుదావేశం మోస్తుంది. పల్లెలో లైను చివరి ఇల్లయి, స్తంభం నుంచి గాలిలో తీగలొస్తుంటే రెండూ కలిపిన టైప్-1+2 పెట్టుకోవడం మేలు.

టైప్-3 అనేది టీవీ, కంప్యూటరు దగ్గర ప్లగ్గులో పెట్టేది. మెయిన్ బోర్డులో టైప్-2 లేకుండా దీన్నొక్కదాన్నే పెట్టడం దండగ. మెయిన్ బోర్డుకూ ఖరీదైన సామానుకూ మధ్య తీగ పది మీటర్లు దాటితే మాత్రం అక్కడ రెండో కాపలా కావాల్సిందే. పై అంతస్తులో ఆఫీసు గది ఉన్నవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

> ■ పెట్టెమీద చదవాల్సినవి
>
> యూసీ: ఎంత వోల్టేజీని నిరంతరం భరించగలదో చెప్పేది. 275 అని ఉన్నవి చాలా దొరుకుతాయి. మన లైన్ల తీరు చూస్తే 320 లేదా అంతకు పైన ఉన్నదే నిలుస్తుంది.
>
> యూపీ: గేట్లు తెరిచాక కూడా మన సామానుదాకా వచ్చే వోల్టేజీ. ఎంత తక్కువైతే అంత మంచిది. ఇంటికి 1.5 కేవీ లేదా లోపు.
>
> 1+1, 3+1: ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య వేరిస్టరు, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య గ్యాస్ ట్యూబు ఉన్న అమరిక. సొంత ఎర్త్ గొయ్యి మీద ఆధారపడే మన ఇళ్లకు ఇదే సరైనది. ఒక ఫేజు ఇంటికి 1+1, మూడు ఫేజులకు 3+1.
>
> గుళిక మార్చుకునే వీలు, రంగు కిటికీ: రెండూ ఉన్నదే కొనండి.
>
> ఆర్‌సీసీబీకి ముందే: సర్జ్ ప్రొటెక్టర్‌ను ఆర్‌సీసీబీకి మీటరు వైపు పెట్టాలి. అటుపక్క పెడితే ఉరిమినప్పుడల్లా ఆర్‌సీసీబీ పడిపోతుంది.

అర మీటరు లెక్క

మంచి పరికరం కొన్నారు. ఎలక్ట్రీషియన్ వచ్చాడు. బోర్డులో చోటు లేదని పక్కన వేరే పెట్టె కొట్టి, అక్కడినుంచి పచ్చతీగను గోడంతా తిప్పి, మిగిలినదాన్ని చుట్టచుట్టి కట్టి పోయాడు. అక్కడితో మీ డబ్బులు సగం పోయినట్టే.

పిడుగు ప్రవాహం ఎంత నిటారుగా లేస్తుందంటే, మీటరు పొడవు తీగ మీదే దాదాపు వెయ్యి వోల్టులు నిలబడుతుంది. పెట్టెమీద 1,500 అని ఉన్నా, దాని పైతీగ ఒక మీటరు, కిందితీగ ఒక మీటరు అయితే టీవీ దగ్గరికి చేరేది మూడున్నర వేలు. అందుకే రెండు తీగలూ కలిపి అర మీటరు దాటకూడదన్నది అంతర్జాతీయ నియమం. జానెడు తీగతో, మెలికలు లేకుండా, నేరుగా బోర్డులోని ఎర్త్ బార్‌కు. టైప్-2కి కనీసం 6 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, టైప్-1కి 16. లైట్లకు లాగగా మిగిలిన ఒకటిన్నర తీగతో కానిచ్చేసే పని కాదిది. పని అయిపోయాక టేపు పట్టుకుని మీరే కొలవండి, మొహమాటపడొద్దు.

గొయ్యి ఎండిపోయే కాలంలోనే పిడుగులు

అసలు చిక్కు కాళ్ల కిందే ఉంది. గుంటూరు, పల్నాడు, ప్రకాశం మైదానాల్లో చాలాచోట్ల నల్లరేగడి. తడిసినప్పుడు దీనంత బాగా కరెంటును మింగే నేల ఇంకోటి లేదు. ఎండాకాలం రాగానే ఇదే నేల నెర్రెలిచ్చి, చెయ్యి పట్టేంత పగుళ్లతో ఎర్త్ పైపును వదిలేస్తుంది. పైపుకూ మట్టికీ మధ్య గాలి చేరుతుంది. వానాకాలంలో రెండు మూడు ఓమ్‌లు చూపించిన గొయ్యి మే నెలలో పదులు దాటిపోవచ్చు. పిడుగులు ఎక్కువగా పడేదీ సరిగ్గా ఆ నెలల్లోనే. ఇల్లు కట్టినప్పుడు కార్తీకంలో కొలిచిన కాగితం చూపించి “మా ఎర్త్ బ్రహ్మాండం” అంటే కుదరదు.

తాడేపల్లిలో ఇంకో రకం కష్టం. ఉండవల్లి, సీతానగరం కొండల అంచున కట్టిన ఇళ్లకు నాలుగడుగులు తవ్వితే రాయి. అక్కడ ఒక్క గొయ్యితో పని జరగదు. ఇంటిచుట్టూ రెండు మూడు చోట్ల ఎలక్ట్రోడ్లు దించి, వాటన్నిటినీ పట్టీతో కలపాలి. కరకట్ట పక్కన పెనుమాక వైపు మెత్తటి ఒండ్రు నేలలవాళ్లు ఈ విషయంలో అదృష్టవంతులు.

పాత పద్ధతిలో రెండున్నర మీటర్ల జీఐ పైపు, చుట్టూ ఉప్పు, బొగ్గు. ఉప్పు తేమను పట్టి ఉంచుతుంది గానీ పైపును తినేస్తుంది. పదిహేనేళ్ల నాటి గొయ్యి తవ్వితే కింద పైపు ఉంటుందన్న నమ్మకం లేదు. ఇప్పుడు బెంటోనైట్ మట్టితో చేసేవి వచ్చాయి, అవి కొంత నయం. ఏదైనా సరే, గొయ్యి మీద మూత పెట్టి, నీళ్లు పోసే వీలుంచి, ఏడాదికోసారి ఎండాకాలంలో ఎర్త్ మెగ్గరు పెట్టి కొలిపించాలి. ఇంకో ముఖ్యమైన సంగతి, ఇంట్లో ఉన్న ఎర్త్‌లన్నీ ఒకదానికొకటి కలిసి ఉండాలి. ‘కంప్యూటరుకు విడిగా ఎర్త్’ అని వేరు చేసి పెడితే, పిడుగు ఆ రెండు ఎర్త్‌ల మధ్య తేడాను మీ కంప్యూటరు గుండానే సర్దుకుంటుంది.

కోల్డ్ స్టోరేజీ, జిన్నింగు మిల్లు

గుంటూరు మిర్చి యార్డు చుట్టూ ఉన్న కోల్డ్ స్టోరేజీల్లో రైతు సరుకు నెలల తరబడి ధర కోసం కాచుకుని ఉంటుంది. చిలకలూరిపేట, గణపవరం స్పిన్నింగ్ మిల్లుల్లో, జిన్నింగు మిల్లుల్లో ఇప్పుడు ప్రతి మోటారుకూ డ్రైవ్, ప్రతి డ్రైవ్‌కూ ఒక కంట్రోల్ కార్డు. కార్డు పోతే మోటారు బాగానే ఉంటుంది, మిల్లు మాత్రం ఆగుతుంది.

మిల్లులో అడిగితే “మాకు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఎల్‌ఏ (లైట్నింగ్ అరెస్టర్) ఉందిగా” అంటారు. ఉంది, నిజమే. 11 కేవీ సామానుకు పిడుగు దెబ్బ తట్టుకునే సత్తా 75 వేల వోల్టులు. స్తంభం మీది ఎల్‌ఏ కాపాడాల్సింది దాన్ని. అది తన పని చక్కగా చేసినా, దాటి వచ్చే వోల్టేజీ 1,500 వోల్టుల కార్డుకు యమపాశం. ట్రాన్స్‌ఫార్మర్ తర్వాత మెయిన్ ప్యానెల్లో టైప్-1+2, షెడ్డు ప్యానెల్లో టైప్-2, ఆ తర్వాత కంట్రోల్ కార్డుకొచ్చే సెన్సార్ తీగలకు విడిగా చిన్నవి, ఇలా మెట్లు మెట్లుగా దించుకురావాలి. ప్రతి సర్జ్ ప్రొటెక్టర్‌కూ ముందు సరైన ఫ్యూజు ఉండాలి. పత్తి దూది ఎగిరే షెడ్డులో కాగిపోయిన వేరిస్టరు కన్నా ప్రమాదకరమైనది లేదు.

పొలంలో బోరు మోటారు స్టార్టర్ పెట్టెకూ ఇదే న్యాయం. మొబైల్‌తో నడిచే స్టార్టర్లు వచ్చాక పెట్టెలో ఎలక్ట్రానిక్స్ చేరింది, ఎర్త్ మాత్రం పాతకాలం నాటి ఇనుప చువ్వే.

కప్పుమీద సోలార్ పెట్టించుకున్నారా?

2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకం వచ్చాక, మూడు కిలోవాట్లకు రూ.78 వేల దాకా రాయితీ ఉండటంతో మన వీధుల్లోనూ కప్పులు నీలంగా మారుతున్నాయి. ఇంటికి ఎత్తయిన చోట, ఆకాశం కింద పరిచిన లోహపు చట్రాలవి. పలకల వైపు నడిచేది డీసీ. ఏసీ సర్జ్ ప్రొటెక్టర్ తీసి డీసీ వైపు పెడితే నిప్పు పుట్టే ప్రమాదం ఉంది. ఏసీలో నిప్పురవ్వ సెకనుకు వందసార్లు ఆరే అవకాశం ఉంది, డీసీలో లేదు. కాబట్టి సోలార్ కోసమే చేసినది, పలకల మొత్తం వోల్టేజీకి కనీసం 20 శాతం పైన ఉన్నది కావాలి. చలికాలం పొద్దున పలకల వోల్టేజీ పెరుగుతుందని ఈ జాగ్రత్త. ఇన్వర్టరు కింద గదిలో ఉండి, కప్పు నుంచి తీగ పది మీటర్లు దాటితే పైనొకటి, కిందొకటి. ఏసీ వైపు మళ్లీ వేరు. బిల్లులో డీసీడీబీ, ఏసీడీబీ అని రాసి డబ్బులు తీసుకుంటారు. ఆ పెట్టెలు తెరిచి లోపల సర్జ్ ప్రొటెక్టర్ ఉందో లేదో చూసి సంతకం పెట్టండి.

సీసీ కెమెరాల నెట్‌వర్కు తీగ కప్పుమీదుగా పోతుంటే అదీ పిడుగుకు దారే. ఆప్టికల్ ఫైబర్ మాత్రం గాజుపోగు కాబట్టి వోల్టేజీని మోయదు. అయినా ఫైబర్ పెట్టెలు కాలిపోతున్నాయంటే దోషం చాలావరకు వాటి అడాప్టరుకు కరెంటు ఇచ్చే ప్లగ్గుది.

వంద మీటర్ల గొడుగు

పెట్రోలు బంకుల మీద, కొత్త అపార్ట్‌మెంట్ల మీద నిగనిగలాడే బుడిపె తలతో ఒంటి కడ్డీలు చూస్తుంటాం. చుట్టూ వంద మీటర్ల దాకా కాపాడతాయని అమ్ముతారు. మన దేశం స్వీకరించిన ఐఎస్/ఐఈసీ 62305 ప్రమాణంలో ఆ లెక్కకు చోటు లేదు. అందులో ఉన్నది పాత సూత్రమే: కప్పు అంచుల వెంబడి తీగల వల, మూలమూలకూ దించుతీగలు, అన్నిటికీ ఎర్త్. చూడ్డానికి అందం లేదు, పని మాత్రం చేస్తుంది. బిల్డరు ఒంటి కడ్డీ చూపించి మురిసిపోతుంటే, దించుతీగలు ఎన్ని, టైప్-1 ఎక్కడ అని అడగండి.

సామాను సరే, మనిషి?

ఇంతసేపూ మాట్లాడింది సామాన్ల గురించి. పిడుగుకు ప్రాణాలు పోయేది మాత్రం ఎక్కువగా బయటే. మిర్చి కోతలు అయిపోయి కళ్లాల్లో ఎర్రగా ఆరబోసి ఉన్నప్పుడే ఆ మబ్బులొస్తాయి. ఏడాది కష్టం తడిసిపోతుందని పట్టాలు కప్పడానికి ఇంటిల్లిపాదీ పరుగెత్తేది అప్పుడే. చుట్టూ బయలు, చెట్టు కనిపిస్తే దాని కిందికే. అర్జునుడి పది పేర్లు తలుచుకుంటూ నిలబడ్డ పెద్దల నమ్మకాన్ని వెక్కిరించే పని లేదు గానీ, నిలబడే చోటు మాత్రం చెట్టు కింద కాకూడదు. మొదటి ఉరుముకు ముందే పట్టాలు కప్పేసి, పక్కా ఇంట్లోకో, అద్దాలు మూసిన కారులోకో చేరాలి. కళ్లం దగ్గర రేకుల పాక పక్కా ఇల్లు కాదు. ఏ సర్జ్ ప్రొటెక్టరూ మనిషిని కాపాడదు.

ఇంట్లో ఉన్నవాళ్లు ఖరీదైన సామాన్ల ప్లగ్గులు తీసేయడం ఇప్పటికీ అన్నిటికన్నా చవకైన ఉపాయం. హెచ్చరిక సందేశం వచ్చినప్పుడే తీయాలి. నెత్తిమీద ఉరుముతుండగా ప్లగ్గు మీద చెయ్యి వేయకూడదు.

న్యూట్రల్ తెగి సామాను పోతే 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి. లైను బాగుచేసేటప్పటి ఫొటోలు, మెకానిక్ ఇచ్చిన రాతపూర్వక చీటీ దాచుకోండి. విద్యుత్ వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు గానీ, వినియోగదారుల కమిషన్‌కు గానీ వెళ్లాలంటే ఆ కాగితాలే ఆధారం. వారంటీ కార్డు మీద ఆశ పెట్టుకోకండి, పిడుగు, వోల్టేజీ తేడాలు వర్తించవని చాలావాటి వెనక రాసే ఉంటుంది.

ఇంటికి టైప్-2, ఓవర్ వోల్టేజ్ రిలే, ఎర్త్ గొయ్యి, మూడూ కలిపితే ఒక మంచి టీవీ ధర కాదు. అందులోనూ ఎక్కువ ఖర్చు పెట్టాల్సింది మట్టిలో కనబడకుండా పోయే గొయ్యి మీద. వచ్చే మబ్బు కమ్మేలోగా ఒక్కసారి మీటరు బోర్డు తలుపు తీసి, పచ్చతీగ ఎటు పోతుందో వెతుక్కుంటూ వెళ్లండి. అది గోడలో మాయమైపోయి, ఎక్కడ తేలిందో ఇంట్లో ఎవరికీ తెలియకపోతే, సర్జ్ ప్రొటెక్టర్ కొనే ఆలోచన పక్కనపెట్టి ముందు గొయ్యి తవ్వించండి.